మసి వస్తేనే మెరుపు

ముందే చెప్పేస్తున్నా, నాకు బళ్ళ పిచ్చి లేదు. ఇంటి నుంచి ఆఫీసుకీ, ఆఫీసు నుంచి ఇంటికీ మొరాయించకుండా తీసుకెళ్తే చాలు, ఇంజను ఏ లోహంతో చేస్తే నాకేంటి అనుకునే రకాన్ని. అలాంటివాణ్ణి ఈమధ్య రోడ్డు పక్కన పాత బుల్లెట్టో, ఎజ్డీనో కనబడితే ఆగి, నడుం వంచి మరీ దాని ఇంజను చూస్తున్నాను. ఎవరైనా చూస్తే పెట్రోలు దొంగ అనుకుంటారని మా ఆవిడ చెయ్యి పట్టుకుని లాక్కుపోతోంది. అయినా సరే, తెలుసుకున్నది ఎవరికో ఒకరికి చెప్పకపోతే నాకు నిద్ర పట్టేలా లేదు.

సంగతేంటంటే, అల్యూమినియం మెరుస్తుంది. అది కూడా సిలవరు గిన్నె మెరిసినట్టు కాదు. మీసం దిద్దుకోవచ్చు, పక్కన నిలబడ్డ మనిషి చొక్కా గళ్ళు లెక్కపెట్టుకోవచ్చు. పైగా అది పూత కాదు, రంగు కాదు, క్రోమ్ కాదు. ఇంజను పోత పోసిన రోజు నుంచీ ఆ మెరుపు అందులోనే ఉంది. పైన ఉన్నదాన్ని మనం తీసేస్తున్నాం, అంతే!

మా బావమరిది భీమిలి వైపు సముద్రానికి దగ్గర్లో ఉంటాడు. తొంభైల నాటి బుల్లెట్ 350 ఒకటి కొన్నాడు. కుడి కాలితో గేరు వేసే పాత రకం. నడుస్తుంది, డుగ్గుడుగ్గుమని శబ్దమూ బావుంటుంది. ఇంజను మాత్రం బూడిదలో పొర్లాడి లేచినట్టుంది. కవర్ల మీద తెల్లతెల్లగా పొడి, ఇంజను చుట్టూ రెక్కల్లా ఉండే ఫిన్నుల మధ్య ఆయిలూ రోడ్డు దుమ్మూ కలిసి వేడికి కాలి కాలి గట్టిపడిన నల్లటి చెక్కలు. విశాఖ కంచరపాలెంలో బుల్లెట్లే చూసే మేస్త్రి దగ్గరకి తీసుకెళ్తున్నాను, తోడు రా బావా అంటే వెళ్ళాను. స్టూలు మీద కూర్చుని టీ తాగుతూ పేపరు చదువుకుందామనే వెళ్ళాను, నిజం చెప్పాలంటే.

మేస్త్రి ఒక కవరు విప్పి నా ఒళ్ళో పెట్టాడు. "ఏటి సార్ కాళీగా కూకున్నారు, రుద్దండి," అన్నాడు.

అక్కడ మొదలైంది.

ఈ బుల్లెట్ ఇంజను గురించి నాలుగు మాటలు చెప్పాలి. ఇంగ్లండులోని రెడిచ్‌లో పుట్టిన బండి ఇది. 1955లో అక్కడి కంపెనీ మద్రాసు మోటార్స్‌తో కలిసి ఎన్‌ఫీల్డ్ ఇండియాని ఏర్పాటు చేసింది, తిరువొత్తియూరులో ఫ్యాక్టరీ పెట్టారు. రెడిచ్ ఫ్యాక్టరీ మూతబడినా మనవాళ్ళు అదే ఇంజన్ని దశాబ్దాల పాటు చేస్తూనే ఉన్నారు. ఒకటే సిలిండరు, 70 మిల్లీమీటర్ల బోరు, 90 మిల్లీమీటర్ల స్ట్రోకు, మొత్తం 346 సీసీ. నిలువుగా నల్లగా కనబడే సిలిండరు బారెల్ పోత ఇనుము. దాని పైనున్న హెడ్డు, కిందనున్న క్రాంక్ కేసు, అటూ ఇటూ కవర్లు, అన్నీ అల్యూమినియం. ఇనుము బరువులో దాదాపు మూడో వంతే ఉంటుంది. వేడిని పోత ఇనుము కన్నా దాదాపు మూడు రెట్లు త్వరగా బయటికి పంపుతుంది. అందుకే మంట రగిలే చోట, హెడ్డు దగ్గర, దాన్ని పెట్టారు. ఇన్నేళ్ళూ ఈ బండి పక్కనుంచి పోతుంటే నాకు కనబడింది ఒక ఇనప ముద్ద. అందులో రెండు లోహాలున్నాయని, రెండింటికీ వేరువేరు ఉద్యోగాలున్నాయని ఎప్పుడైనా అనుకున్నానా!

సరే, రుద్దడానికి ముందు కడగాలి. ఇందులో గొప్పేముంది అనుకోకండి, సగం ఆనందం ఇక్కడే ఉంది. ఇంజను పూర్తిగా చల్లారాక, సైలెన్సరు నోటికీ కార్బురేటరు వైపుకీ గుడ్డలు కుక్కి, కిరసనాయిలో డీజిలో కుంచెతో పూస్తారు. కాసేపు నాననిస్తారు. తర్వాత వెదురు పుల్ల. స్క్రూడ్రైవరుతో గోకితే అల్యూమినియం మీద గాటు పడుతుంది, వెదురుకైతే జిడ్డు ఒక్కటే లేస్తుంది. ఫిన్నుల సందుల్లోంచి ఆ నల్ల చెక్కలు ఊడి పడుతుంటే ఆపబుద్ధి కాలేదు. పాత టూత్‌బ్రష్షు, సబ్బునీళ్ళు, మళ్ళీ కిరసనాయిలు. చివరికి హెడ్డు మీద, మూలన, పోతలోనే ఉబ్బెత్తుగా వచ్చిన అంకెలు బయటపడ్డాయి. ఎన్నేళ్ళుగా అవి జిడ్డు కింద ఉన్నాయో! తవ్వకాల్లో శాసనం దొరికినవాడిలా బావమరిదిని కేకేశాను. వాడు ఫోన్లో ఉన్నాడు.

ఇక ఒళ్ళోని కవరు. మేస్త్రి ఒక గుడ్డపీలిక మీద కాస్త బ్రాసో వేసి ఇచ్చాడు. ఇత్తడి సామాను తోమే అదే బ్రాసో. అగ్గిపెట్టంత మేర రుద్దాను. గుడ్డ నల్లబడింది. మురికి వస్తోందనుకుని ఇంకో గుడ్డ తీసుకున్నాను. అదీ నల్లబడింది. రుద్దినకొద్దీ ఇంకా నల్లగా వస్తోంది. ఇది ఇప్పట్లో వదిలే మురికి కాదన్నాను. మేస్త్రి నవ్వాడు. "అది మురికి కాదు సార్. అల్యూమినియమే అది. నల్లగా ఒస్తందంటే పని జరుగుతున్నట్టు. రాకపోతేనే అనుమానం."

తెల్లటి లోహం అరిగితే నల్లటి మసి! అతి సన్నటి పొడిగా మారినప్పుడు అల్యూమినియం వెలుగును వెనక్కి కొట్టదు, మింగేస్తుంది. అందుకే నల్లగా కనబడుతుంది. ఆ మసి తుడిచి చూస్తే ఏముందండీ, బూడిద రంగు కవరు మధ్యలో అగ్గిపెట్టంత కిటికీ తెరుచుకుని ఉంది. అందులో మేస్త్రి షెడ్డు పైనున్న ట్యూబులైటు, దాని పట్టీతో సహా.

రాకపోతే ఎందుకు అనుమానమో కూడా చెప్పాడు. కొన్ని బళ్ళ కవర్ల మీద కంపెనీ నుంచే పారదర్శకంగా వార్నిష్ పూత వస్తుంది. ఏళ్ళు గడిచాక అది పసుపెక్కుతుంది, అక్కడక్కడా పెచ్చులూడుతుంది, లోపలికి తడి పాకి కింద తెల్ల మచ్చలు పుడతాయి. ఆ పూత ఉండగా ఎంత బ్రాసో రుద్దినా మీరు వార్నిష్‌నే తోముతున్నట్టు. గుడ్డ నల్లబడదు. ముందు పెయింటు రిమూవరు పూసి ఆ తోలు ఊడదీయాలి.

ఇంటికొచ్చి ఆ రాత్రి దీని వెనకున్న రసాయనం చదివాను. చదివినకొద్దీ మతి పోయింది. అల్యూమినియానికి గాలి తగిలితే చాలు, ఆ క్షణంలోనే దాని మీద ఆక్సైడు పొర కట్టేస్తుంది. మందం నాలుగైదు నానోమీటర్లు. మామూలు కాగితం మందంలో ఇరవై వేల పొరలు పడతాయన్నమాట. అంత పల్చటి పొరే లోహాన్ని తుప్పు నుంచి కాపాడుతుంది. ఇనుప తుప్పు పెచ్చులుగా రాలి, కింది ఇనుముని మళ్ళీ గాలికి వదిలేస్తుంది. ఇది అలా రాలదు, అతుక్కుని ఉంటుంది, గీత పడితే తనే పూడ్చుకుంటుంది. ఇంకో సంగతి వినండి. ఆ పొర అల్యూమినియం ఆక్సైడు. కత్తులకు సానపట్టే కురువిందం రాయీ అల్యూమినియం ఆక్సైడే. అందులో పిసరంత క్రోమియం చేరితే కెంపు, ఇనుమూ టైటానియమూ చేరితే నీలం. వజ్రం గట్టితనం 10 అయితే వీటిది 9. అల్యూమినియం లోహానిది మూడు కూడా లేదు. మన బండి ఇంజనుకి కెంపు జాతి తొడుగు ఉంది బాబూ అని బావమరిదికి అర్ధరాత్రి మెసేజి పెట్టాను. "పడుకో బావా" అని జవాబొచ్చింది.

మరి అంత గట్టి తొడుగుంటే కవర్లు ఎందుకు పాడయ్యాయంటారా? సముద్రం. విశాఖ గాలిలో ఉప్పు ఉంది. ఉప్పులోని క్లోరైడు ఆ పొరకి అక్కడక్కడా చిల్లులు పొడుస్తుంది. ఆ చిల్లులోంచి లోహం తినుకుపోతూ తెల్లటి పొడిగా బయటికి ఉబుకుతుంది. ఇనుప స్క్రూ అల్యూమినియంలోకి దిగిన చోట ఇంకా ఘోరం. రెండు లోహాలూ ఉప్పు తడీ కలిసి చిన్న బ్యాటరీ తయారవుతుంది, అందులో అరిగిపోయేది అల్యూమినియమే. పాత బుల్లెట్టు కవర్ల స్క్రూలు ఎందుకు బిగుసుకుపోతాయో, మేస్త్రి సుత్తితో కొడితే తిరిగే ఇంపాక్ట్ డ్రైవరు ఎందుకు వాడతాడో అప్పుడు తెలిసింది.

చిల్లులు పడ్డ చోట బ్రాసో సరిపోదు. వాటర్ పేపరు కావాలి. పూర్ణా మార్కెట్ దగ్గర హార్డ్‌వేర్ షాపులో నంబర్ల వారీగా అడిగితే ఇస్తారు: 320, 400, 600, 800, 1000, 1500, 2000. నంబరు పెరిగినకొద్దీ రవ్వ సన్నబడుతుంది. నేనిన్నాళ్ళూ పాలిష్ అంటే గీతలు పోగొట్టడం అనుకున్నాను. కాదట! 320తో రుద్దితే పాత గుంటలు పోయి 320 గీతలు వస్తాయి. 400తో రుద్దితే 320 గీతలు పోయి అంతకన్నా సన్నటి 400 గీతలు వస్తాయి. చివరిదాకా గీతలే, గీతల మీద గీతలే. ఒకసారి నిలువుగా రుద్దితే తర్వాతి నంబరుతో అడ్డంగా రుద్దాలి. చేను ఇరుసాలు దున్నినట్టే, నిలువు సాళ్ళు ఒక్కటీ కనబడకుండా పోయాక గానీ ఆ దున్నకం పూర్తయినట్టు కాదు. ఒక్క పాత గీత మిగిలినా చివర్లో అద్దం పాలిష్ మీద అదే కొట్టొచ్చినట్టు కనబడుతుంది. 800 మీద కూర్చుని, వెలుతురుకి ఏటవాలుగా కవరు తిప్పుతూ, దొంగలా దాక్కున్న 400 గీత ఒకటి పట్టుకోవడంలో ఉన్న మజా ఏ సినిమాలోనూ లేదు. ఒట్టు.

గీత ఎంత సన్నబడితే మెరుపవుతుంది? కంటికి కనబడే వెలుగు తరంగం పొడవు 0.4 నుంచి 0.7 మైక్రాన్లు. ఉపరితలం మీద ఎగుడుదిగుళ్ళు అంతకన్నా బాగా చిన్నవైతే వెలుగు వాటిని పట్టించుకోదు, వచ్చిన కోణంలోనే తిరిగి వెళ్ళిపోతుంది. అదే అద్దం. 2000 నంబరు పేపరు రవ్వ ఇంకా పది మైక్రాన్లు ఉంటుంది. అందుకని పేపరుతో రుద్దినంత సేపూ కవరు పాలిపోయిన సాటిన్ గుడ్డ రంగులోనే ఉంటుంది. ఇంత కష్టపడ్డాం, ఏమీ రాలేదే అనిపిస్తుంది. ఆ దిగులు ఎక్కువసేపు ఉండదు. తర్వాత బఫింగు ఉంది.

గాజువాక ఆటోనగర్లో బఫింగు పెట్టిన షెడ్డు చూడాలి మీరు. మోటారుకి గుడ్డ పొరలు కుట్టిన చక్రం. తిరుగుతున్న చక్రానికి పాలిష్ కడ్డీ ఆనిస్తారు. కడ్డీ అంటే మైనం, కొవ్వులో కలిపిన సన్నటి రాపిడి పొడి. తెల్ల కడ్డీలో ఆ పొడి ఏమిటనుకున్నారు? అల్యూమినియం ఆక్సైడు! అల్యూమినియాన్ని మెరిపించేది దాని సొంత తొడుగే. కుర్రాడు కవరుని చక్రం కింది సగానికి ఆనించి పట్టుకున్నాడు. పైసగానికి పెడితే అంచు పట్టుకుని లాక్కుపోయి మొహం మీదికి విసిరేస్తుందట. ముందు కవరంతా నల్లటి జిడ్డు పరుచుకుంది. అతను కవరు తిప్పి మళ్ళీ ఆనించాడు. నల్లటి తెర ఒక పక్క నుంచి జరుగుతూ పోయింది, దాని వెనకే షెడ్డు రేకులు, వేలాడే బల్బు, నోరు తెరుచుకుని నిలబడ్డ నేను. నా మొహం ఆ కవరు వంపులో సాగి పొడుగ్గా ఉంది.

అల్యూమినియం కంటికి కనబడే వెలుగులో దాదాపు 90 శాతం వెనక్కి పంపిస్తుంది. అందుకే పెద్ద టెలిస్కోపుల గాజు అద్దాల మీద ఎక్కువగా పూసేది అదే. తమిళనాడు కావలూరులో ఉన్న వైనూ బప్పు టెలిస్కోపు అద్దం 2.34 మీటర్లు, దాని మీదా అల్యూమినియం పూతే. నక్షత్రాల వెలుగు పట్టేదీ, బావమరిది బండికి గేరుబాక్సు మూతగా ఉన్నదీ ఒకే లోహం. 1886కు ముందైతే మనలాంటివాళ్ళు దీన్ని తాకే అవకాశం కూడా లేదు. 1884లో వాషింగ్టన్ స్మారక స్తంభం కొన మీద అల్యూమినియం ముక్క పెట్టేనాటికి దాని ధర వెండికి దగ్గర్లో ఉండేది. తర్వాత అమెరికాలో హాల్, ఫ్రాన్సులో ఎరూ, ఇద్దరూ పాతికేళ్ళు నిండని కుర్రాళ్ళు, ఒకరికొకరు తెలియకుండా ఒకే ఏడాది, కరెంటుతో దీన్ని విడదీసే పద్ధతి కనిపెట్టారు. ధర కుప్పకూలింది. రాజుల బల్లల మీది లోహం మన వంటింటికి వచ్చింది.

విశాఖవాసులకి ఇంకో ముచ్చట. కొండల అవతల కోరాపుట్ జిల్లా దామంజోడిలో నాల్కో వాళ్ళు బాక్సైటు మట్టి నుంచి తీసే తెల్లటి అల్యూమినా పొడి రైల్లో కిందికి దిగి మన పోర్టు నుంచే ఓడలెక్కుతుంది. అల్యూమినా అంటే మళ్ళీ ఆ ఆక్సైడే. మన మన్యం కొండల మీద కూడా బాక్సైటు ఉంది. దాని కోసం కొండలు తవ్వొద్దని గిరిజనులు ఎన్నేళ్ళు పోరాడారో మనకి తెలుసు. ఒక్క కవరు రుద్దాక, పారేసిన అల్యూమినియం ముక్క కనబడినా నాకిప్పుడు గౌరవం కలుగుతోంది.

ఇంత చెప్పినవాణ్ణి ఒక విషయంలో మాత్రం ఖరాఖండిగా ఉంటాను. ఇంజనంతా అద్దం చేయకండి. టైమింగ్ కవరు, ఎడమవైపు ప్రైమరీ కవరు, గేరుబాక్సు కవరు, హెడ్డు మీది రాకర్ కవర్లు, ఇవి చాలు. క్రాంక్ కేసుని గరుకు పోతగానే వదిలేయాలి, ఫిన్నుల్ని శుభ్రం చేసి ఊరుకోవాలి. గరుకు పక్కన ఉంటేనే నునుపుకి విలువ. అంతా మెరిపిస్తే పెళ్ళి బ్యాండు సామానులా తయారవుతుంది. మొత్తం ఇంజన్ని ఇసకతో బ్లాస్టింగు చేయిస్తే ఒక్క పూటలో అయిపోతుందని ఎవరైనా చెబితే వినకండి. ఆయిలు దారుల్లో ఒక్క రేణువు ఇరుక్కున్నా బేరింగుల్ని తినేస్తుంది.

విప్పడం కూడా తెలిసినవాళ్ళ చేతే చేయించండి. ఈ పాత ఇంజన్లో ప్రైమరీ కవరుని పట్టి ఉంచేది మధ్యలో ఒకే ఒక్క నట్టు, అది చూసి అన్నీ అంత సులువనుకోవద్దు. టైమింగ్ కవర్లో ఆయిలు పంపులే ఉన్నాయి. తిరిగి బిగించేటప్పుడు కొత్త ప్యాకింగులు వేయాలి, పాలిష్ పొడి మిగలకుండా లోపలి వైపు కిరసనాయిలుతో కడగాలి. కాస్టిక్ సోడా గానీ బాత్రూం యాసిడ్ గానీ దగ్గరికి రానివ్వకండి, రెండూ ఆ తొడుగునీ దాని కింది లోహాన్నీ కలిపి తినేస్తాయి. ఇనుము సానపట్టిన చక్రం మీద అల్యూమినియం పెట్టకండి. రెండు పొడులూ కలిసిన చోట నిప్పురవ్వ పడితే మండుకునే ప్రమాదం ఉంది.

మెరుపు శాశ్వతం కూడా కాదు. సముద్రం ఒడ్డున అయితే మరీను. వానలో తడిస్తే మంచినీళ్ళతో కడిగి, ఆరాక కాస్త మైనం పాలిష్ పూయాలి, అప్పుడప్పుడూ గుడ్డతో ఓ చుట్టు వేయాలి. నాకైతే అదే బావుంది. అయిపోయే పనైతే మళ్ళీ రుద్దే వంక దొరకదు కదా. బావమరిది ఇప్పుడు నన్ను పిలవకుండానే కవరు విప్పేశాడని తెలిసి అలిగాను కూడా.

మీ ఇంట్లోనో, పక్కింటి షెడ్డులోనో పాత బండి ఉంటే ఆదివారం ఒక్క కవరు మీద అగ్గిపెట్టంత చోటు రుద్ది చూడండి. ఖర్చు ఒక బ్రాసో డబ్బా, నాలుగు వాటర్ పేపర్లు, ఓ పాత బనీను. చక్రం దగ్గరికి వెళ్తే మాత్రం కళ్ళద్దాలూ, ముక్కుకి మాస్కూ పెట్టుకోండి, వదులు చొక్కా వద్దు. గుడ్డ నల్లబడిందా, ఆపకుండా రుద్దండి.